పోస్టాఫీసు ఆర్డీ: ఐదేళ్లు కట్టి చేతికందాక నా మాట

"పోస్టాఫీసు ఆర్డీకి రివ్యూ ఏంటే, అదేమన్నా మిక్సీనా" అని మా ఆయన నవ్వారు గానీ, నాలుగు వేల మిక్సీ గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లున్నప్పుడు ఐదేళ్లపాటు నెలనెలా మా ఇంటి డబ్బు దాచిపెట్టిన దాని గురించి నాలుగు మాటలు రాస్తే తప్పేముంది. ఆర్డీ అంటే రికరింగ్ డిపాజిట్, నెలనెలా ఒకే మొత్తం కట్టే పొదుపు. 2020 జూలైలో నెలకు రెండు వేల చొప్పున మొదలుపెట్టాం, 2025 జూలైలో గడువు తీరింది. కట్టింది 1,20,000. వచ్చింది 1,39,393. వడ్డీ ఒక్కటే చూసుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, దీనికంటే ఎక్కువిచ్చేవి బయట చాలానే ఉన్నాయి. నేను రాసేది మాలాంటి ఇళ్ల కోసం, అంటే నెల జీతం మీద బతుకుతూ, దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, దేవుడికని తీసి పక్కన పెట్టి, పిల్లల్ని చదివించుకుంటూ, ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా ఉండాలనుకునే విశ్వాస కుటుంబాల కోసం. విశ్వాసులు కాకపోయినా చదవండి, లెక్కలు అందరికీ ఒకటే.

మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడు, డిసెంబరులో నాకు ఊపిరాడదు, మిగతా రోజుల్లో ఫాల్స్ కుట్టడం, పాత జాకెట్లు లూజు చేయడం తప్ప పెద్దగా ఉండదు. ఆయనకు కొత్త సరుకు వచ్చే జనవరి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పైన కాస్త వస్తుంది, మే వచ్చేసరికి యార్డుకు ఎండాకాలం సెలవులిస్తారు, ఆ తర్వాత జూన్‌లో బడి ఫీజులు నెత్తిన పడతాయి. అంటే డబ్బు వచ్చే నెలలు వేరు, పోయే నెలలు వేరు. జీతం చాలక అప్పు చేసేవాళ్ల కంటే ఈ నెలల తేడా వల్ల అప్పు చేసేవాళ్లే మా బజార్లో ఎక్కువ అని నా అనుమానం.

క్రైస్తవుల ఇళ్లలో ఇంకొక తేడా ఉంది, బయటివాళ్లకు తెలియదు. నవంబరు రెండో తేదీ సమాధుల పండుగతో మొదలవుతుంది. మామయ్య సమాధికి సున్నం కొట్టించాలి, పూలు, కొవ్వొత్తులు. పెద్ద ఖర్చు కాదు గానీ మొదలైందంటే ఇంక ఆగదు. డిసెంబరు ఒకటికల్లా ఇంటి ముందు స్టార్ వెలగాలి. క్యారల్స్ వాళ్లు రాత్రి పదకొండుకు వస్తారు, టీ, బిస్కెట్లు, కవర్లో కానుక. పిండివంటలు. 25కు ఒక జత కొత్త బట్టలు, జనవరి ఒకటికి ఇంకో జత, ఇదెక్కడి రూలో ఎవరు పెట్టారో తెలియదు గానీ వాచ్ నైట్ ఆరాధనకు పాత చీర కట్టుకుని వెళ్తే మాత్రం అందరూ చూస్తారు. క్రిస్మస్ రోజు బిరియానీ, ఆడపడుచు కుటుంబం, అత్తయ్య, మా అమ్మ. గుడిలో ప్రత్యేక కానుక. పట్నంబజారుకు ఒక్కసారి వెళ్లొస్తే చాలు, పర్సులో బస్సు చార్జీలు మాత్రమే మిగులుతాయి. ఇవన్నీ తప్పని నేను అనను, నాకు డిసెంబరంటే ప్రాణం. కానీ రక్షకుడు పశువుల తొట్టిలో పుట్టాడని పాడుకుంటూ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి చీరలు కొనడం ఏం భక్తో నాకు అర్థం కాదు. ఆ అప్పు ఈస్టరు దాకా తీరదు. మా సంఘంలో, అంటే మా చర్చివాళ్లలో, ఇది ఎన్ని ఇళ్లలో జరుగుతుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

సరే, ఆర్డీ సంగతికి వద్దాం. తెలియనివాళ్లకు చెప్తున్నా, నెలకు కనీసం వంద రూపాయలు, ఆ పైన పదుల లెక్కన ఎంతైనా, అరవై నెలలు కట్టాలి. పై పరిమితి లేదు. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది. వడ్డీ రేటు ప్రతి మూడు నెలలకూ కేంద్ర ఆర్థిక శాఖ ప్రకటిస్తుంది గానీ మనం ఖాతా తెరిచిన రోజు ఏ రేటుందో అదే ఐదేళ్లూ నడుస్తుంది. ఇది రెండు వైపులా కోసే కత్తి. మేం మొదలుపెట్టినప్పుడు 5.8 శాతం ఉండేది. అంతకు కొన్ని నెలల ముందు, 2020 మార్చి దాకా 7.2 ఉంది. 2023 వచ్చేసరికి పెంచుకుంటూ పోయి అక్టోబరులో 6.7 చేశారు. మాది మాత్రం 5.8 దగ్గరే ఉండిపోయింది. అదే రెండు వేలు 6.7లో కట్టి ఉంటే 1,42,731 వచ్చేది, అంటే మూడు వేల మూడొందల పైన తేడా. బాధేసిందా అంటే కాస్త వేసింది. కానీ రేటు పడిపోయినప్పుడు ఇదే నియమం మనకు అండగా నిలబడుతుంది కాబట్టి నోరు మూసుకున్నా.

దీనికి పన్ను మినహాయింపు లేదు. మా ఆదాయానికి ఆ గొడవే లేదు గానీ మీకు పన్ను పడేట్టయితే మినహాయింపు ఉన్న వేరే పథకాలు పోస్టాఫీసులోనే ఉన్నాయి, వాటిని చూసుకోండి. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు సుకన్య సమృద్ధి చూడండి, 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతం చేశారు. మేం మొదలుపెట్టేసరికే మా పాపకు పదేళ్లు దాటిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఆర్డీలో నాకు బాగా నచ్చినదాన్ని జనం లోపమంటారు. మధ్యలో తీయలేం. మూడేళ్లు నిండే దాకా మూయడానికి వీల్లేదు. మూడేళ్ల తర్వాత మూయొచ్చు గానీ, గడువుకు ఒక్క రోజు ముందు మూసినా సరే వడ్డీ పొదుపు ఖాతాకు ఇచ్చే 4 శాతమే లెక్కగడతారు. బ్యాంకు యాప్‌లో ఆర్డీ అయితే రాత్రి పదింటికి మంచం మీద పడుకుని రెండు నొక్కులు నొక్కి మూసేయొచ్చు, మా చెల్లి అలాగే మూసేసి ఫ్రిజ్ కొంది, పాతది బాగానే పనిచేస్తోంది కూడా. పోస్టాఫీసుదైతే పాస్‌బుక్కు పట్టుకుని, ఫారం నింపి, కౌంటర్ దగ్గర నిలబడి, పోయే వడ్డీ లెక్కేసుకుని... ఆ లోపు కోరిక చల్లారిపోతుంది. నాలాంటి చేయి ఆగని మనిషికి ఈ ఇబ్బందే కావాలి.

ఇంకోటి కూడా ఉంది, ఇది కొంచెం మొహమాటమైన సంగతి. సంఘంలో ఉన్నాక చేబదులు అడిగేవాళ్లు ఉంటారు. "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్" అని మొదలైతే నాకు సగం అర్థమైపోతుంది. చేతిలో ఉంటే లేదని చెప్పలేను, అబద్ధం చెప్పి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల దగ్గరకు, రొట్టె ద్రాక్షరసం తీసుకోవడానికి, ఎలా వెళ్తాను. ఆర్డీలో వేశాక మాత్రం "వదినా, చేతిలో లేవమ్మా" అన్నది నిజమే. అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నిజంగా అవసరమున్నవాళ్లు కూడా అడుగుతారు కదా. ఎదురింటామెకు పురుడొచ్చి ఆటోకు డబ్బుల్లేకపోతే నా డబ్బు పోస్టాఫీసులో ఉంది అని తలుపేసుకోవడం పొదుపు కాదు, ఇంకేదో. అందుకని ఇంట్లో ఒక స్టీలు డబ్బాలో నెలకు మూడొందలు వేరే పెడతాం. అది అప్పివ్వడానికి కాదు, ఇచ్చేయడానికి. తిరిగి అడగం. డబ్బా ఖాళీ అయితే ఆ నెలకు ఖాళీయే. ఈ డబ్బా పెట్టాక ఆర్డీ మీద నాకున్న చిన్న అపరాధ భావం కూడా పోయింది.

దాచుకోవడమే అవిశ్వాసం అనేవాళ్లు కూడా ఉన్నారు. రేపటి గురించి చింతపడొద్దని ప్రభువు చెప్పాడు కదా, మీరు ఐదేళ్ల తర్వాతి సంగతి చూసుకుంటున్నారేంటి అని మా వీధి ప్రార్థన కూడికలో ఒకాయన అడిగేశాడు. ఆయనకు నెలకు మూడు ఈఎంఐలు ఉన్నాయి, బండిది, ఫోనుది, సోఫాది, అంటే ఆయన రేపటిని ఎప్పుడో ఖర్చు పెట్టేశాడు. నేను మాత్రం యోసేపు సంగతి గుర్తుచేశాను. ఐగుప్తులో సమృద్ధిగా పండిన ఏడేళ్లూ పంటలో ఐదో వంతు తీసి పెట్టించాడు. ఐదో వంతు! మేం తీసేది అందులో సగం కూడా లేదు. గుర్తుచేశాక ఆయన మాట్లాడలేదు, వాళ్లావిడ మాత్రం వెళ్లేటప్పుడు ఏ పోస్టాఫీసు అని అడిగింది.

ధాన్యం కొట్లు పడగొట్టి పెద్దవి కట్టించుకుందామనుకుని ఆ రాత్రే ప్రాణం పోగొట్టుకున్న ధనవంతుడి ఉపమానం కూడా నాకు తెలుసు, అది నన్నూ భయపెడుతుంది. అతనికీ నాకూ ఉన్న తేడా ఒకటే అనుకుంటున్నా: అతని కొట్లకు ఎంత నిండితే చాలన్న హద్దు లేదు. ఆర్డీకి ఉంది. అరవై నెలలు, ఆ తర్వాత అది దేనికోసం మొదలైందో దానికి వెళ్లిపోవాలి. మొదటి ఆర్డీ పాస్‌బుక్కు అట్ట లోపల మా ఆయన పెన్సిల్‌తో "పాప కాలేజీ" అని రాశారు. 2025లో పాప ఇంటర్ అయింది, బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. ఫీజు మొదటి విడత, హాస్టల్ అడ్వాన్సు, తెల్ల యూనిఫాంలు, పుస్తకాలు, ట్రంకు పెట్టె. అన్నీ పోగా పదకొండు వేలు మిగిలాయి, అవి రెండో విడతకు ఉంచాం. విత్తనం వేయండి నూరంతలు వస్తుంది అని మైకుల్లో చెప్పేవాళ్ల మాట విని అదే డబ్బు కవర్లో పెట్టి ఇచ్చి ఉంటే పాప ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉండేది. ఇవ్వడం వేరు, లాటరీ కొనడం వేరు. దశమభాగానికి నేనెప్పుడూ లెక్క చూసుకోలేదు, చూసుకోను.

మా ఇంట్లో వరస ఇలా ఉంటుంది. ఐదో తారీఖున ఆయన జీతం తెచ్చి బల్ల మీద పెడతారు, ఇప్పటికీ సగం నగదే. ముందు సంఘం కవరు. రెండోది ఆర్డీ. మూడోది అద్దె. తర్వాత కరెంటు, గ్యాసు, సరుకులు. మిగిలితే కూర మారుతుంది, మిగలకపోతే పప్పుచారు, ఎండు చేప. నెలాఖరున మిగిలింది దాచుకుందాం అనుకునే ఇంట్లో ఏమీ మిగలదు, ఇది నేను కనిపెట్టింది కాదు. మా అమ్మమ్మది దోర్నకల్ వైపు. అజరయ్య గారు 1912లో అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మన దేశస్థుల్లో మొదటి బిషప్ ఆయనే. ఆ సంఘాల్లో ఆడవాళ్లకు పిడికెడు బియ్యం అలవాటు ఉండేది. ఎసట్లో పోయబోయే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి పట్టుకెళ్లేవాళ్లు. అమ్మమ్మ చెప్పేది, తీయాల్సింది వండక ముందే, తిన్నాక గిన్నెలో మిగిలింది కాదు అని. కూలికి వెళ్లే ఇళ్లలో కూడా తీసేవాళ్లట. ఆ పద్ధతినే మేం ఆర్డీకి పెట్టుకున్నాం, అంతే.

ఇక వాడకం గురించి. కట్టాల్సిన తేదీ తప్పితే నూటికి నెలకు ఒక రూపాయి జరిమానా, అంటే మా రెండు వేలకు 20 రూపాయలు. వరసగా నాలుగు నెలలు ఎగ్గొడితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా బతికించుకోవాలి. ఏమంత కఠినం కాదు. ముందుగా కడితే తగ్గింపు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆరు నెలలవి ఒకేసారి కడితే నెలకు వంద కట్టే ఖాతాకు పది రూపాయలు, పన్నెండు నెలలవి కడితే నలభై రూపాయలు తగ్గిస్తారు. రెండు వేల ఖాతాకైతే 200, 800. మాకు ఇది భలే కలిసొచ్చింది. మిర్చి సీజన్‌లో ఆయనకు పైన వచ్చిన డబ్బుతో ఏప్రిల్‌లో ఆరు నెలలవి కట్టేస్తాం. ఇక యార్డు సెలవుల్లో, బడి ఫీజుల నెలల్లో ఆర్డీ టెన్షన్ ఉండదు. సీజన్ మీద బతికేవాళ్లు, పత్తి, మిర్చి, చేపల చెరువుల వాళ్లు, ఎవరైనా సరే దీన్ని గుర్తుపెట్టుకోండి.

లోను కూడా తీసుకున్నాం. రెండేళ్లు నిండాక అత్తయ్యకు కంటి ఆపరేషన్, లెన్సు ఖర్చు మా మీద పడింది. పన్నెండు వాయిదాలు కట్టి ఏడాది నడిచిన ఖాతా మీద నిల్వలో సగం దాకా అప్పిస్తారు, వడ్డీ మన ఆర్డీ రేటు కంటే రెండు శాతం ఎక్కువ. మాకు 7.8 పడింది. ఇరవై వేలు తీసుకున్నాం. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు నాలుగొందలు వడ్డీకే పోయేది, ఇక్కడ మొదటి నెల నూట ముప్పై. అప్పుచేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు అని సామెతల గ్రంథంలో ఉంది, నేను అప్పంటేనే వణికే మనిషిని. కానీ ఇది మన డబ్బు మీద మనం తీసుకునేదే, ఎవరూ ఇంటికొచ్చి అరవరు. వాయిదాల్లో తీర్చేశాం, ఆర్డీ చెక్కుచెదరలేదు.

చీటీతో పోల్చమని మా పక్కింటి అక్క అడిగింది. చీటీ వల్ల లాభపడ్డవాళ్లు లేరని కాదు. అత్యవసరంగా పెద్ద మొత్తం కావాలంటే పాట పాడుకుని తీసుకోవచ్చు, ఆ సౌకర్యం ఆర్డీలో లేదు. రిజిస్టరైన చీటీలకు 1982 చట్టం ఉంది, నిర్వాహకుడి కమీషన్ కూడా 2019 సవరణలో 5 నుంచి 7 శాతానికి పెంచారు, అంటే ఆ మేరకు మనకు తగ్గినట్టే. బజారు చీటీలకు ఆ రిజిస్ట్రేషనే ఉండదు, నమ్మకం ఒక్కటే. మా వీధిలో ఒకాయన చీటీలు వేసేవాడు, పండక్కి అందరికీ స్వీటు బాక్సులు పంచేవాడు. ఒక సంక్రాంతి తర్వాత ఇంటికి తాళం. మావి కూడా పోయాయి, ఎంతో రాయను, తలుచుకుంటే ఇప్పటికీ మంట. నగల షాపుల పదకొండు నెలల స్కీములు ఇంకో రకం, నగ కొనుక్కోవాలనుకునేవాళ్లకు సరే, ఫీజు కట్టడానికి నగదు కావాలన్నప్పుడు అక్కరకు రావు. మ్యూచువల్ ఫండ్ సిప్ గురించి మా మరిది రోజూ చెప్తాడు, పదిహేనేళ్ల లెక్కయితే నాకూ నిజమే అనిపిస్తుంది, కానీ జూన్ పదో తారీఖున కాలేజీలో కట్టాల్సిన డబ్బు ఆ రోజు మార్కెట్టు ఎలా ఉందన్నదాని మీద ఆధారపడితే నాకు నిద్ర పట్టదు. ఆర్డీ డబ్బుకు కేంద్ర ప్రభుత్వం పూచీ ఉంది. ఆ నిద్ర కోసం ఒకటి రెండు శాతం వదులుకుంటున్నా అనుకోండి.

మరి క్రిస్మస్ సంగతి ఏమైంది అంటారా. ఐదేళ్ల ఆర్డీతో ప్రతి డిసెంబరూ ఎలా గడుస్తుందని నాకూ అనిపించింది. 2021 నవంబరులో ఐదొందల ఆర్డీ ఒకటి వేరే తెరిచాం. మరుసటి నవంబరులో ఇంకో ఐదొందలది. అలా ప్రతి నవంబరుకూ ఒకటి, 2025 నాటికి ఐదయ్యాయి. 2026 నవంబరు నుంచి ఏటా ఒకటి పండుతుంది, పండిన చోట కొత్తది తెరుస్తాం. మొదటి రెండూ పాత రేటువి, ఒక్కోదానికి 34,848 వస్తుంది. 6.7 రేటువైతే 35,683. మా ఇంటి పండక్కి అది ఎక్కువే. పెరుగుతున్న ధరలకు ఐదేళ్ల తర్వాత ఎంతవుతుందో తెలియదు గానీ, తక్కువైతే పండగ చిన్నది చేసుకుంటాం. ఈ లోపు వచ్చిన డిసెంబర్లలో నేను రెండు జతలు మానేసి ఒక జతే తీసుకున్నాను, 25న కట్టిన చీరే ఒకటిన కూడా. ఒకరిద్దరు అడిగారు. మరుసటి ఏడాది వాళ్లలో ఒకామె కూడా అదే పని చేసింది, కారణం నేనడగలేదు.

పిల్లలకు పదేళ్లు దాటితే వాళ్ల పేరు మీదే తెరిచి వాళ్లే నడుపుకోవచ్చు. మా బాబుకు వంద రూపాయలది తెరిపించాం. సండే స్కూలు బహుమతి డబ్బులు, అమ్మమ్మ ఇచ్చిన పదులు, అన్నీ అందులోకే. ప్రతి నెలా పాస్‌బుక్కులో కొత్త లైను పడిందో లేదో వాడే చూసుకుంటాడు, ఒకసారి స్టాంపు సరిగ్గా పడలేదని మళ్లీ వేయించుకొచ్చాడు. నాకంటే గట్టివాడు. ఐదేళ్లకు ఏడు వేల నూట ముప్పై ఆరు రూపాయలు వస్తాయని గోడ మీద రాసి పెట్టుకున్నాడు.

ఇబ్బందులు కూడా రాయాలి కదా. మధ్యలో నెలవారీ మొత్తం పెంచలేం, తగ్గించలేం. జీతం పెరిగి మూడు వేలు కడదామనుకుంటే ఇంకో ఖాతా తెరవాల్సిందే, అందుకే మా బీరువాలో పాస్‌బుక్కులు పేకముక్కల్లా పోగుపడ్డాయి. కౌంటర్ వేళలు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు కుదరవు. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, 2018లో వచ్చిన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతా తీసుకుంటే వాళ్ల యాప్‌లోంచి ఆర్డీ వాయిదా కట్టొచ్చు, మా ఆయన ఇప్పుడలాగే కడుతున్నారు. రెండు, మహిళా ఏజెంట్లు. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద లైసెన్సున్న ఆడవాళ్లు ఇంటికొచ్చి డబ్బు తీసుకెళ్లి కట్టి పాస్‌బుక్కు తెచ్చిస్తారు. వాళ్లకు 4 శాతం కమీషన్ ప్రభుత్వమే ఇస్తుంది, మనం ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఎంత తెలిసినావిడైనా, మీ సంఘం ఆవిడే అయినా, డబ్బిచ్చినప్పుడు కార్డులో సంతకం పెట్టించుకోండి, పాస్‌బుక్కు తిరిగొచ్చాక లైను చూసుకోండి. అక్కా అనిపించుకున్నాక లెక్క అడగడానికి మొహమాటపడతాం, అక్కడే వస్తుంది తంటా.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పేస్తా. ఇప్పటికే రోజువారీ ఫైనాన్సుకో, మూడు రూపాయల వడ్డీకో బాకీ ఉన్నవాళ్లు ఆర్డీ మొదలుపెట్టొద్దు. ముప్పై ఆరు శాతం కడుతూ 6.7 సంపాదించడంలో ఏ వివేకమూ లేదు, ముందు అది వదిలించుకోండి. చేతిలో రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా నగదు లేనివాళ్లు కూడా ముందు మామూలు పొదుపు ఖాతాలో అది పోగేయండి. నెలకు పదివేలు మిగిలే ఉద్యోగస్తులకు దీంతో పెద్ద పని లేదు, వాళ్లకు వేరే దారులున్నాయి. భార్యాభర్తలు ఒక మాట మీద లేని ఇంట్లో కూడా ఇది నడవదు. ఆర్డీ కట్టిన నెలలో ఒకరు మటన్ తెచ్చి, ఇంకొకరు మొహం మాడ్చుకునే పరిస్థితి మా ఇంట్లోనూ ఉండేది, మొదటి ఏడాదంతా. ఇప్పుడు పన్నెండో నెల వాయిదా కట్టినప్పుడు మటన్ అని ఒప్పందం.

ఐదుకు నాలుగిస్తాను. తగ్గించిన ఒకటీ మధ్యలో మొత్తం మార్చుకోలేనందుకు. మేం కొత్తది, బాబు చదువుకని రెండు వేలది, 2025 ఆగస్టులో మళ్లీ తెరిచాం.

తెరిచేవాళ్లకు ఒక్క మాట. నెలలో 15వ తేదీ లోపు తెరిస్తే ప్రతి నెలా 15 లోపు కట్టాలి, 16 నుంచి నెలాఖరు మధ్య తెరిస్తే నెల చివరి పనిదినం దాకా గడువుంటుంది. జీతం ఆలస్యంగా వచ్చేవాళ్లు, పదో తారీఖు దాటించేవాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు, 16 తర్వాతే వెళ్లి తెరవండి. ఆధార్, పాన్, రెండు ఫోటోలు, మొదటి నెల డబ్బు పట్టుకెళ్లండి. నామినీ పేరు ఆ రోజే రాయించండి, తర్వాత చూద్దాంలే అనొద్దు.